పైడయ్య వ్యాను బ్రేకులు

నా జీవితంలో సగం బళ్ళ కింద వెల్లకిలా పడుకునే గడిచిపోయింది. విజయనగరంలో నన్ను ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళ కన్నా కాళ్ళు చూసి గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఇప్పుడు నడుము ఒప్పుకోక పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, ఏ బండికి ఏ సామాను పడుతుందో అడుగుతుంటారు. అది పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకంలో లేనిది నేను చేసిన తప్పులు. అందుకే వాటి గురించి రాస్తున్నాను.

ఎన్ని ఇంజిన్లు విప్పానో, ఎన్ని గేరుపెట్టెలు బిగించానో నాకే లెక్క లేదు. కానీ మంచం మీద పడుకుని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది మాత్రం అరవైల ఆఖర్న ఒక పాత వ్యానుకి మార్చిన బ్రేకు గొట్టాలే. ఆ పనిలో నేను రెండు తప్పులు చేశాను. ఒకటి చేతితో, ఒకటి నోటితో. రెండోదే పెద్దది.

మేస్త్రీ పెట్టిన ఆచారం

మా షెడ్డు యజమాని అప్పలస్వామి మేస్త్రీ. ఆయనకి చదువు రాదు, ఓర్పు అంతకన్నా లేదు. పానా కిందపడితే చప్పుడు విని అది ఏ సైజుదో చెప్పేవాడు. నన్ను రోజుకి పదిసార్లు తిట్టేవాడు, అందులో తొమ్మిదిసార్లు తిట్టాల్సిందే. మిగిలిన ఒక్కసారి అలవాటు కొద్దీ తిట్టేవాడు.

నేను చేరిన రోజున ఆయన అడిగిన ప్రశ్న ఇది. "ఇంజిను సెడిపోతే బండేటవుతాది?"

"ఆగిపోతాది మేస్త్రీ."

"బ్రేకు సెడిపోతే?"

"ఆగదు."

"మరైతే ముందేటి సూడాల్రా?"

అంతే, పాఠం అయిపోయింది.

బ్రేకు గొట్టం ఏది మార్చినా లోపల గాలి చేరుతుంది. నూనె నొక్కితే నొక్కుకోదు. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే డ్రైవరు తొక్కిన బలమంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా రాదు. అందుకని గాలి తియ్యాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పెడల్ మీద, ఒకరు బండి కింద. కిందవాడు "తొక్కు" అంటాడు. పైవాడు నాలుగుసార్లు తొక్కుతాడు. "పట్టు" అంటే ఆఖరి తొక్కు మీద కాలు అలాగే అదిమిపెట్టి "పట్టినాను" అనాలి. అప్పుడు కిందవాడు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే, నూనె బుడగలతో సహా గాజుసీసాలోకి వస్తుంది. మళ్ళీ బిగించాక "ఒగ్గు" అంటాడు. ఆ మాట వినకముందే పైవాడు కాలు తీశాడా, బయటి గాలి లోపలికి పోతుంది, చేసిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఒకరి ముఖం ఒకరికి కనపడదు, మాట మీదే నడవాలి.

మా మేస్త్రీ ఆచారం ఏమిటంటే, ఆ పెడల్ మీద కాలు ఆ బండి నడిపే డ్రైవరుదే అయి ఉండాలి. షెడ్డులో ఎంతమంది ఖాళీగా ఉన్నా సరే. "రేపు ఆ పెడల్ తొక్కీవోడు ఆడు. ఎలగ గట్టిపడిందో ఆడి కాలికి తెలియాల" అనేవాడు. చాలామంది డ్రైవర్లు విసుక్కునేవారు. మేస్త్రీ వినేవాడు కాదు.

కనపడిన గొట్టం

వ్యాను శృంగవరపుకోట జగన్నాథం గారిది. ఆ ఊరిని మేం కోట అనే అంటాం. ఆయనకి నూనె మిల్లు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలట్రీ వేలంలో కొన్న బండి అది, తలుపులు తాళ్ళతో కట్టుకోవాలి, హారన్ మాత్రం గొప్పగా మోగేది. వారానికి రెండుసార్లు ఘాటీ రోడ్డు ఎక్కి అరకు వైపు నుంచి ఆముదం గింజలు, చింతపండు, పళ్ళు దింపుకొచ్చేది.

దాని డ్రైవరు పైడయ్య. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు బాగా తాగేవాడట. కూతురికి జబ్బు చేసినప్పుడు సింహాచలం అప్పన్నకి మొక్కుకుని మానేశాడు. మానేసి పన్నెండేళ్ళయిందని నాకు చెప్పడం అప్పటికి పన్నెండోసారి. ఆ సంగతి అంత గర్వంగా చెప్పుకునేవాడు.

"సూరీ, బ్రేకాయిలు తగ్గిపోతన్నాదిరా" అంటూ ఒక మధ్యాహ్నం బండి తెచ్చాడు. మేస్త్రీ ఆ వారం ఊళ్ళో లేడు. నేను కిందకి దూరి చూస్తే వెనక చక్రం దగ్గర గొట్టం తుప్పు పట్టి చెమర్చి ఉంది. దొరికాడు దొంగ అనుకున్నాను. ఆ ముక్క మార్చి, పైడయ్య చేత తొక్కించి, గాలి తీసి పంపేశాను. ముందు నుంచి వెనక దాకా ఛాసిస్ వెంబడి పోయే పొడుగు గొట్టాన్ని గుడ్డతో పైపైన తుడిచి చూశాను, బాగానే ఉన్నట్టు కనపడింది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పుల కింద మట్టి పేరుకుని ఉంది. క్లిప్పులు విప్పలేదు.

కుర్రాళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఒక గొట్టం తుప్పు తిన్నదంటే, అదే వయసున్న మిగతా గొట్టాలు తినకుండా ఊరుకోవు. తడి మట్టి నిలిచేది క్లిప్పు కిందే, గొట్టం చచ్చేదీ అక్కడే. నాకది తెలియక కాదు, నాలుగున్నరకి బయల్దేరిపోవాలని పైడయ్య తొందర పెట్టాడు, నేను సరే అన్నాను. పైగా "తగ్గితే కాస్త పోసుకో మావా" అని సలహా కూడా ఇచ్చాను. బ్రేకునూనె తగ్గితే పోసుకోకూడదు, ఎక్కడికి పోయిందో వెతకాలి. ఇంతకన్నా బుద్ధిలేని సలహా నా సర్వీసులో నేను మళ్ళీ ఇవ్వలేదు.

నోటి దురద

ఆ తర్వాత పది పదిహేను రోజులకి జగన్నాథం గారి మిల్లులో ఇంజిను మొరాయిస్తే నేనే కోట వెళ్ళాను. వాళ్ళమ్మ నరసమ్మ గారు నాకు అన్నం పెట్టింది. నరసన్నపేట నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయాక మిల్లు నిలబెట్టిన మనిషి. ఎవరి మాటా వినే రకం కాదు, ఎవరినీ ఆకలితో పంపే రకమూ కాదు.

"ఒరే, ఆ బ్రేకాయిలు టిన్ను అయిపోనాదంట. ఇజీనారంలో కూడా దొరకట్లేదంటాడు పైడయ్య. అంత వింత సరుకేట్రా అది?" అని అడిగింది.

రెండో విడత పప్పు వేస్తోంది, నాకు హుషారుగా ఉంది. కంపెనీ సరుకని చెప్పి ఊరుకోవచ్చు కదా. "ఏటుంది మామ్మా, ఆముదం, స్పిరిట్టు. సగం సరుకు మీ మిల్లులోనే ఉన్నాది" అన్నాను. ఆ రోజుల్లో వచ్చే బ్రేకునూనె నిజంగానే ఆముదంతో చేసేవారు. కానీ ఆ ఆముదం వేరు, ఆ స్పిరిట్ వేరు, కలిపే పద్ధతి వేరు. అదంతా చెప్పలేదు. పెద్దావిడ "ఓస్ ఇంతేనా" అని నవ్వింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

పనసకాయల మీద

నెల తిరక్కుండా పైడయ్య ఘాటీ దిగి వస్తుండగా, కోట సంత కనపడే చోట పెడల్ నేలకి అంటుకుపోయింది. ఎన్నిసార్లు తొక్కినా ఏమీ లేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, జనం లేనివైపు చూసుకుని పనసకాయల కుప్పలోకి బండిని నడిపించాడు. మనిషికి దెబ్బ తగల్లేదు. కాయలు మాత్రం చాలా పగిలాయి. చుట్టుపక్కల పిల్లలందరికీ ఆ రోజు పండగే.

జగన్నాథం గారు మిల్లు నుంచి వచ్చేసరికి గంట పైన పట్టింది. ఆయన బండెక్కి పెడల్ తొక్కితే రాయిలా గట్టిగా ఉంది. డ్రైవరు సీటు దగ్గర సారా వాసన గుప్పుమంటోంది. మద్యనిషేధం ఉన్న రోజులు. ఆయన ఇంకేమీ ఆలోచించలేదు, సంత అంతా వినేలా "తాగుబోతు ఎదవా" అన్నారు.

రెండోనాడు అందరూ మా షెడ్డుకి వచ్చారు. చల్లగా ఉన్నంతసేపూ బ్రేకులు పనిచేస్తున్నాయి, అందుకని పైడయ్యే మెల్లగా నడుపుకుంటూ తెచ్చాడు. నరసమ్మ గారు కూడా వచ్చింది. "నా పైడయ్య తాగడు, నాను నమ్మను" అని ఆవిడ దారంతా కొడుకుతో పోట్లాడుతూనే వచ్చిందట.

"మేస్త్రీ, నువ్వు సూసి సెప్పు" అన్నారు జగన్నాథం గారు. "బ్రేకులు సెడిపోనాయంటే సరి. బాగున్నాయంటే ఈణ్ణి నానే టేసన్‌కి తీసుకెల్తాను. కొత్త డ్రైవర్ని మాటాడీసినాను."

పైడయ్య తల ఎత్తలేదు. "ఉజ్జోగం పోతే పోనీండి బాబూ. సంతలో అందరి ముందరా తాగుబోతన్నారు. నా కూతురు అత్తోరు ఆ సంతకే వస్తారు. పన్నెండేళ్ళ మొక్కు అది."

మేస్త్రీ పెడల్ తొక్కాడు. గట్టిగా ఉంది. మళ్ళీ తొక్కాడు, ఇంకా గట్టిగా ఉంది. జగన్నాథం గారు "సూసినారా" అన్నట్టు అందరివైపూ చూశారు. మేస్త్రీ నావైపు తిరిగి, "ఆ రోజు ఏటేటి మార్చినావు?" అని అడిగాడు. చెప్పాను. "క్లిప్పులు ఇప్పినావా?" అన్నాడు. నేను పానా చేతిలోకి తీసుకున్నాను. "దూరు కిందకి" అన్నాడు.

గరిటె

క్లిప్పు విప్పి గోరుతో గీస్తే పొడుగు గొట్టం పెచ్చులుగా రాలింది. అక్కడ్నించి నూనె చెమరుస్తోంది. ఇన్నాళ్ళూ తగ్గింది దీని వల్లే, పైడయ్య పోసుకుంటూ వచ్చిందీ దీని వల్లే. కానీ చెమర్చేంత కంతకి పెడల్ నేలకి అంటదు, పైగా గంటలో మళ్ళీ గట్టిపడదు. గొట్టాలు ఊడదీసి, ఉన్న నూనె అంతా గాజుసీసాలోకి దింపాను. బ్రేకునూనె తేటగా ఉండాలి. ఇది కుడితినీళ్ళలా మసగ్గా ఉంది. కాసేపు ఉంచితే రెండు పొరలుగా విడిపోయింది.

మేస్త్రీ వాసన చూశాడు. బ్రేకునూనెకి ఎలాగూ స్పిరిట్ వాసన ఉంటుంది కాబట్టి వాసనతో ఏమీ తేలదు. ఆయన టీ కొట్టు నుంచి రెండు ఇనుప గరిటెలు తెప్పించాడు. ఒకదాంట్లో మా టిన్నులో నూనె, రెండోదాంట్లో వ్యానులో నూనె పోసి, బొగ్గుల మీద పక్కపక్కన పెట్టాడు. మా నూనె కదలకుండా కూర్చుంది. వ్యాను నూనె చూస్తుండగానే బుడబుడా ఉడికి పొగలు కక్కింది. షెడ్డంతా ఇప్పసారా కంపు.

"అదీ సంగతి" అన్నాడు మేస్త్రీ. ఘాటీ దిగేటప్పుడు బ్రేకులు కాగిపోతాయి. చక్రాల దగ్గర నూనెలో ఉన్న సారా ఉడికి ఆవిరైంది. ఆవిరి కూడా గాలిలాగే నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి పోయింది. గంటసేపు చల్లారాక ఆవిరి మళ్ళీ నీరయింది, పెడల్ గట్టిపడింది. బ్రేకునూనె పోసే గిన్నె డ్రైవరు కాళ్ళ కిందే ఉంటుంది, వాసన వచ్చిందీ అక్కడ్నించే.

"ఓలమ్మో, నా మోకాళ్ళ సారా!" అని అరిచింది నరసమ్మ గారు.

ఆవిడ మోకాళ్ళకి రాసుకోడానికి కొండ నుంచి ఒక సీసా రహస్యంగా తెప్పించుకునేదట. ఆ సారాలో మిల్లు ఆముదం కలిపి, ఖాళీ అయిన బ్రేకాయిలు టిన్నులో పోసి, అలమార్లో ఎప్పటిచోటే పెట్టింది. కొత్త సరుకు వచ్చిందనుకుని పైడయ్య దాన్నే పోసుకున్నాడు. పాపం, కొడుకు దగ్గర పైడయ్యని వెనకేసుకొచ్చింది ఆ ఒక్క మనిషే.

"నీకీ తెలివి ఎవులిచ్చినారే అమ్మా?" అని జగన్నాథం గారు తల పట్టుకున్నారు.

నేను అప్పటికే మళ్ళీ బండి కింద ఉన్నాను. ఆవిడ చీర అంచు నావైపు తిరిగింది, నా కాళ్ళ దగ్గర కాసేపు ఆగింది. "ఎవులిస్తార్రా, నాకే తట్టినాది" అంది. నేను బయటికి రాలేదు. లేని బోల్టు బిగిస్తూ అక్కడే పడుకున్నాను. ఇప్పటికీ ఆ నాలుగు నిమిషాలు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు రోజుల పని

జగన్నాథం గారు మెత్తబడ్డారు. "అయిందేదో అయిపోనాది పైడయ్యా, పని సూసుకో" అన్నారు.

పైడయ్య ఒప్పుకోలేదు. "ఇక్కడ నలుగురు ఇన్నారు బాబూ. అక్కడ సంతంతా ఇన్నాది. బండి బాగయ్యాక మీరు నా పక్కన కూకుని ఘాటీ దిగండి. అన్నసోటే మాట ఎనక్కి తీసుకోండి. లేదంటే ఈ తాళాలు మీకే."

ఆయనకి ఆ షరతు ఎంత కష్టమో ఆలోచించండి. నిషేధం రోజుల్లో సంత నడిబొడ్డున మా ఇంట్లో సారా ఉందని చెప్పుకోవాలి. అయినా తల ఊపారు.

ఈసారి పని పూర్తిగా చేశాం. గొట్టాలన్నీ ఉక్కువే వేశాం. రాగిగొట్టం సులువుగా వంగుతుందని చాలామంది వేసేవారు, అదురుకి గట్టిపడి చిట్లిపోతుంది, నా మాట విని వెయ్యకండి. రబ్బరు గొట్టాలు, సిలిండర్లలో రబ్బరు కప్పులు కొత్తవి వేశాం. మిగతా సామాను అసలు స్పిరిట్‌తో కడిగాం. కిరసనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది, మామూలు ఇంజినాయిలు కూడా అంతే. బిగింపులో కూర్చోవడానికి గొట్టం కొసల్ని నేను గరాటాలా విప్పార్చిన ప్రతిసారీ మేస్త్రీ వేలితో తడిమి చూసి, మూడు ముక్కలు పారేశాడు.

రెండోరోజు పొద్దున్న గాలి తియ్యడం మొదలుపెట్టాం. అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు, దగ్గరదానితో ఆఖరు. పైడయ్య పెడల్ మీద, నేను కింద.

"తొక్కు మావా."

"తొక్కతన్నాను."

"పట్టు."

"పట్టినాను."

ఆ మాట అతను ఎలా అన్నాడో రాయడం నాకు చేతకాదు. సీసాలో ఆఖరి బుడగ వచ్చి ఆగిపోయాక కూడా ఇంకో పదిసార్లు తొక్కించాను. ప్రతిసారీ చెప్పేద్దామని నోరు తెరిచి, "ఒగ్గు" అని ఊరుకున్నాను.

కోట సంత

"గొట్టాలేసినోడు కూడా బండిలో కూకోవాల" అని మేస్త్రీ నన్ను తోలాడు. ఘాటీ ఎక్కాం, చింతపండు బస్తాలు నింపుకుని దిగడం మొదలుపెట్టాం. జగన్నాథం గారు ముందు సీట్లో ఇనుప కమ్మీ రెండు చేతులా పట్టుకుని అప్పన్నని తలుచుకుంటున్నారు. సగం దారిలో ఆపి చూస్తే చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. పెడల్ మాత్రం కట్టెలా నిలబడింది. పైడయ్య మళ్ళీ బయల్దేరాడు.

సంతలో వ్యాను కనపడగానే పనసకాయలమ్మే మనిషి బుట్ట ఎత్తుకుని పక్కకి గెంతింది. ఆమె కుప్పకి మూరెడు దూరంలో పైడయ్య బండి ఆపాడు. జగన్నాథం గారు దిగి, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"అందరూ ఇనండి. ఆ రోజు పైడయ్య తాగలేదు. తాగింది మా బండి. నాను తప్పు కూసినాను."

సంత గొల్లుమంది. పనసకాయలావిడ నడుం మీద చెయ్యేసుకుని, "బండికి పోసిందెవులు బాబూ?" అని అడిగింది.

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. తల్లి పేరు సంతలో ఎలా చెప్తారు? అప్పుడు నేను బండి మీంచి దిగాను.

"నానేనమ్మా. ఆముదం, స్పిరిట్టు కలిపితే బ్రేకాయిలని వాగింది నానే. నోటి దురద."

పైడయ్య నావైపు తిరిగాడు. "ఒరే సూరీ, పట్టమంటే పట్టినాను, ఒగ్గమంటే ఒగ్గినాను. అంతసేపు నా కాళ్ళ కిందే ఉన్నావు. అప్పుడు సెప్పలేకపోనావా?"

"భయమేసింది మావా."

అతను వెళ్ళి వెనక తలుపు తాడు విప్పాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "మామ్మ పేరు సంతలో పడకుండా కాసినావు. పో, ఎక్కు" అన్నాడు.

నేను వెనక బస్తాల మీద కూర్చున్నాను. అక్కడ్నించి మిల్లు దాకా చదును రోడ్డు, మనుషులు లేరు, బళ్ళు లేవు. అయినా పైడయ్య పది గజాలకోసారి బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. తొక్కిన ప్రతిసారీ జగన్నాథం గారు ముందుకి తూలి, కండువా సర్దుకుని, మళ్ళీ సీట్లో కుదురుకునేవారు.